‘మునిగిపోయాడు’ అన్నది జవాబు కాదు

ఈ పోస్టు కొంచెం పొడవు. ఓపిక ఉన్నవాళ్ళే చదవండి. చదివాక తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ సగం చదివి తిట్టకండి.

వానలు పడ్డాయి. చెరువులు నిండాయి. మా మాకవరపాలెం వైపు గెడ్డలు పారుతున్నాయి, నేల నూతుల్లో చెయ్యి పెడితే నీళ్ళు అందుతున్నాయి. రైతుకి ఇంతకన్నా సంతోషం లేదు. కానీ ఏటా ఈ రోజుల్లోనే పేపరు జిల్లా పేజీలో ఓ మూల చిన్న వార్తలు మొదలవుతాయి. ‘చెరువులో పడి వ్యక్తి మృతి’. ‘బావిలో మహిళ మృతదేహం లభ్యం’. ‘కాలుజారి’. ‘ప్రమాదవశాత్తు’. నాలుగు లైన్లు, అంతే. ఆ నాలుగు లైన్లు చదివి మనం పక్క వార్తకి వెళ్ళిపోతాం.

నేను అడిగేది ఒక్కటే. ‘ప్రమాదవశాత్తు’ అని ఎవరు తేల్చారు? ఎలా తేల్చారు?

మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీళ్ళలో మునిగి చనిపోతున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. ఇందులో ఎక్కువమంది నిజంగా ప్రమాదంలో పోయినవాళ్ళే. అది నేను కాదనను. ఈత రాని పిల్లలు, గేదెను కడగడానికి దిగినవాళ్ళు, మూర్ఛ వచ్చి పడినవాళ్ళు, చీకట్లో నుయ్యి కనపడక పడినవాళ్ళు. ప్రతి శవం వెనకా హంతకుడున్నాడని నేను చెప్పట్లేదు. నేను చెప్పేది, చూడకుండా చెప్పకూడదు అని. మనం చూడట్లేదు. చూసినట్టు సంతకం పెడుతున్నాం.

‘మనం’ అని ఎందుకంటున్నానో తర్వాత చెప్తాను. ముందు వరంగల్ సంగతి గుర్తు చేస్తాను.

2020 మే నెల. కరోనా లాక్‌డౌన్ రోజులు. వరంగల్ దగ్గర గీసుగొండ మండలం గొర్రెకుంటలో గోనె సంచులు కుట్టే చోట ఉన్న పాడుబడ్డ బావిలో మే 21న నాలుగు శవాలు తేలాయి. మర్నాడు మరో అయిదు. మొత్తం తొమ్మిది మంది. ఆరుగురు పశ్చిమ బెంగాల్ నుంచి బతకడానికి వచ్చి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటున్న ఒకే కుటుంబం వాళ్ళు. అందులో మూడేళ్ళ పసివాడు కూడా ఉన్నాడు. మిగతా ముగ్గురిలో ఇద్దరు బీహార్ కుర్రాళ్ళు, ఒకరు త్రిపుర మనిషి.

అప్పుడు జనం ఏమన్నారో మీకు గుర్తుందా? ఒంటి మీద పెద్ద గాయాలు కనపడలేదు. కత్తిపోటు లేదు, తల పగల్లేదు. లాక్‌డౌన్‌లో పనిలేదు, జీతాలు లేవు, తిండికి కష్టమై అందరూ కలిసి దూకేశారు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. పాపం అని టీవీ కట్టేసి పొలానికి పోయాను.

శవాలు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్ళాయి. ఫోరెన్సిక్ డాక్టర్లు చూశారు. బావిలో పడేసరికి వాళ్ళు ప్రాణాలతోనే ఉన్నారు, నీట మునిగే చనిపోయారు అని తేలింది. ఇక్కడ ఆగి ఒకసారి ఆలోచించండి. చావుకు కారణం నీళ్ళలో మునగడమే. మన ఊరి లెక్కలో అయితే కథ అక్కడితో ముగిసిపోవాలి. ‘డాక్టరుగారే మునిగి చచ్చిపోయారని రాశారు కదా, ఇంకేటి?’ అంటాం. కానీ వాళ్ళు అక్కడ ఆగలేదు. ఒంటి మీద ఈడ్చినట్టు గీతలు ఉన్నాయి. మనుషులు తమంతట తాము నడిచి దూకితే ఈడ్చిన గీతలెందుకుంటాయి? పోలీసులు సీసీ కెమెరాలు వెదికారు, ఫోన్లు చూశారు. నాలుగు రోజుల్లో బీహార్ నుంచి వచ్చిన ఒక కార్మికుణ్ణి పట్టుకున్నారు. తిండిలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ ఈడ్చుకెళ్ళి బావిలో వేశాడని కేసు. 2020 అక్టోబరు 28న వరంగల్ కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది.

ఎందుకు చేశాడు? అసలు భయపెట్టే సంగతి అదే. ఆ కుటుంబానికి బంధువైన ఒక ఆడమనిషిని అంతకు రెండు నెలల ముందు, మార్చిలో, అతనే రైల్లో తీసుకెళ్ళి చంపి మన ఆంధ్రాలో గోదావరి జిల్లా వైపు పట్టాల పక్కన పడేశాడు. ఆ శవం గుర్తు తెలియని శవంగా కాగితాల్లోకి ఎక్కింది. ఆమె ఏమైందని ఈ కుటుంబం నిలదీసింది. ఆ నోళ్ళు మూయించడానికే ఈ తొమ్మిది మందిని చంపాడు.

లెక్క అర్థమైందా? ఒక శవాన్ని ‘గుర్తు తెలియని శవం’ అని పక్కన పెట్టినందుకు తొమ్మిది ప్రాణాలు. ఆ మొదటి శవం ఎవరిది, ఎలా పోయింది అని రెండు నెలల్లో తేలి ఉంటే గొర్రెకుంట బావి ఖాళీగానే ఉండేది.

ఇది మన దగ్గరే, ఇప్పుడే కాదు. వందేళ్ళ కిందట ఇంగ్లాండులో జార్జ్ జోసెఫ్ స్మిత్ అనేవాడు ఒకడుండేవాడు. పేర్లు మార్చుకుని పెళ్ళిళ్ళు చేసుకునేవాడు, భార్య పేరున బీమా కట్టించి గానీ ఆస్తి తన పేర రాయించి గానీ, స్నానాల తొట్టిలో ముంచి చంపేవాడు. 1912లో ఒకామె. డాక్టరు ‘మూర్ఛ వచ్చి మునిగింది’ అన్నాడు. 1913లో ఇంకో ఊళ్ళో ఇంకొకామె. అక్కడా ప్రమాదమే అన్నారు. 1914లో లండన్లో మూడో ఆమె. అదీ పేపర్లో వచ్చింది. ఆ వార్త చదివిన రెండో ఆమె తరఫు వాళ్ళకి అనుమానం వచ్చింది, మా అమ్మాయి కూడా అచ్చం ఇలాగే పోయింది కదా అని. అప్పుడు పూడ్చిన శవాలు తవ్వి తీశారు. పెనుగులాట గుర్తులు లేకుండా తొట్టిలో మనిషిని ఎలా ముంచగలరో పోలీసులు ఈత వచ్చిన ఒక ఆడమనిషితో పరీక్ష చేసి చూశారు. కాళ్ళు పట్టుకుని ఒక్కసారి పైకి లాగితే తల నీళ్ళలోకి పోయి క్షణాల్లో స్పృహ తప్పింది. ఆమెను బతికించడానికి తంటాలు పడాల్సొచ్చింది. 1915లో స్మిత్‌ని ఉరితీశారు.

మొదటి శవం దగ్గరే ఒకడు గట్టిగా అడిగి ఉంటే తర్వాతి ఇద్దరూ బతికేవాళ్ళు. గొర్రెకుంటలోనూ అదే లెక్క. దేశం మారింది, వందేళ్ళు మారాయి, మనుషుల బద్ధకం మారలేదు.

ఇప్పుడు నీళ్ళలో శవం ఏం చెబుతుందో నాకు తెలిసినంతలో చెప్తాను. నేను ఇంటర్ చదివినవాణ్ణి, డాక్టర్ని కాను. కానీ ఇవి పుస్తకాల్లో ఉన్నవే, రహస్యాలు కావు.

మనిషి బతికుండగా నీళ్ళలో మునిగితే ఊపిరి కోసం కొట్టుకుంటాడు. గాలి, నీరు, లోపలి జిగురు కలిసి చిలికినట్టయి తెల్లటి సన్నని నురగ పుడుతుంది. అది నోట్లోంచి, ముక్కులోంచి వస్తుంది. తుడిచినా మళ్ళీ వస్తుంది. ఊపిరితిత్తులు నీళ్ళు పట్టి ఉబ్బుతాయి. గాలిగొట్టంలో బురద, నాచు, ఇసుక ఉండొచ్చు. మునుగుతూ చేతికి దొరికిన గడ్డినో తామర తూడునో పట్టుకుంటే, ఒక్కోసారి ఆ పట్టు చచ్చిపోయాక కూడా వదలదు. చైనాలో సాంగ్ త్స అనే న్యాయాధికారి 1247లోనే శవ పరీక్షల మీద పుస్తకం రాశాడు. నీళ్ళలో దొరికినవాడి గోళ్ళలో మట్టి ఉందా చూడమని అందులో ఉంది. 1247లో! మనం ఇవాళ్టికీ శవం ఒడ్డుకి రాగానే ఏం చేస్తాం? మొహం తుడుస్తాం, చేతులు కడుగుతాం, నురగ కనపడకుండా నోట్లో తువ్వాలు పెడతాం. ప్రేమతోనే చేస్తాం. సాక్ష్యం అంతా తువ్వాలుకి అంటుకుపోతుంది.

మనం గట్టిగా నమ్మే గుర్తులు కొన్ని అసలు గుర్తులే కావు. చేతులు కాళ్ళు బట్టలుతికినట్టు ముడతలు పడ్డాయి కాబట్టి మునిగి చచ్చాడంటాం. చచ్చినవాణ్ణి నీళ్ళలో వేసినా ముడతలు పడతాయి. కడుపు నిండా నీళ్ళున్నాయంటాం. అదొక్కటీ సరిపోదు, మునగక ముందు తాగిన నీళ్ళు కూడా అవొచ్చు. మొహం నల్లబడింది, ఎవరో పీక నొక్కారంటాం. నీళ్ళలో శవం మొహం కిందికి వాలి తేలుతుంది, రక్తం అటు దిగి మొహం రంగు మారుతుంది, కుళ్ళడం మొదలైతే ఇంకా నల్లబడుతుంది. పెదాల దగ్గర, చెవుల దగ్గర కొరికినట్టుంటే కొట్టి చంపారంటాం. చేపలు, పీతలు, తాబేళ్ళు కూడా కొరుకుతాయి. బతికుండగా తగిలిన దెబ్బకీ చచ్చాక తగిలిన దెబ్బకీ తేడా డాక్టరు చెప్పగలడు, కండలోకి రక్తం దిగిందా లేదా చూసి. అరుగు మీద కూర్చున్న మనం చెప్పలేం.

అందుకే అంటున్నాను, ఈ పరీక్ష హంతకుణ్ణి పట్టుకోవడానికే కాదు, అమాయకుణ్ణి కాపాడ్డానికి కూడా. మొహం నల్లబడిందన్న ఒక్క మాట మీద పెళ్ళాన్నో తమ్ముణ్ణో ఊరంతా హంతకుల్ని చేసిన సంగతులు మీ ఊళ్ళో లేవా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఇంకో పరీక్ష ఉంది. చెరువు నీళ్ళలో, గెడ్డ నీళ్ళలో కంటికి కనపడని నాచు జాతి జీవులుంటాయి. డయాటమ్‌లు అంటారు. వాటి పై పెంకు గాజు లాంటి సిలికాతో ఉంటుంది, యాసిడ్‌లో మరగబెట్టినా కరగదు. బతికున్నవాడు మునిగితే నీళ్ళతో పాటు అవి ఊపిరితిత్తుల్లోకి పోయి, అక్కణ్ణించి రక్తంలోకి దిగి, గుండె కొట్టుకుంటుంది కాబట్టి ఎముక మూలుగ దాకా వెళ్తాయి. ముందే చచ్చినవాణ్ణి నీళ్ళలో పారేస్తే గుండె ఆడదు, మూలుగ దాకా చేరే దారి లేదు. ల్యాబులో మూలుగ తీసి, యాసిడ్‌తో కరిగించి, మైక్రోస్కోపులో చూస్తారు. శవం దొరికిన చెరువు నీళ్ళలో ఏ రకం ఉన్నాయో, మూలుగలో అదే రకం ఉన్నాయా అని పోలుస్తారు. వేరే రకం ఉంటే ఆ మనిషి మునిగింది ఇక్కడ కాదేమో అన్న ప్రశ్న పుడుతుంది.

ఇది బ్రహ్మాస్త్రం కాదు. నిజంగా మునిగినవాడిలో దొరక్కపోవచ్చు, కొన్ని నీళ్ళలో అవే తక్కువ ఉంటాయి. జాగ్రత్త లేకపోతే బయటి నుంచి అంటుకోవచ్చు కూడా. అందుకే మంచి డాక్టరు దీన్నొక్కదాన్నే పట్టుకుని చెప్పడు, అన్నీ కలిపి చూస్తాడు. కానీ పోల్చడానికి ముందు ఆ చెరువు నీళ్ళు సీసాలో పట్టి పంపాలి కదా? ఒక్క లీటరు నీళ్ళు! లోపలి భాగాలు ల్యాబుకి పంపితేనే కదా విషముందో నిద్రమాత్రలున్నాయో తెలిసేది? పంచనామా జరుగుతుంటే చుట్టూ వందమంది నిలబడతాం. సీసాలో నీళ్ళు పట్టారా అని అడిగినవాణ్ణి ఒక్కణ్ణి నేను చూళ్ళేదు.

నేనూ అడగలేదు. ‘మనం’ అని ఎందుకన్నానో ఇప్పుడు చెప్తాను.

ఇరవై ఏళ్ళ నాటి మాట. మా వైపు ఒక కూలి మనిషి చెరువులో శవమై తేలాడు. మోటారు దగ్గర. ఊళ్ళో నలుగురు పెద్దమనుషుల్ని పిలిచారు, శవ పంచనామాకి పంచాయతీదార్లుగా. అందులో నేనొకణ్ణి. చదువుకున్నవాణ్ణి కదా అని. కాగితం అప్పటికే సగం రాసి ఉంది. మనిషికి తాగుడు అలవాటుంది, మత్తులో కాలుజారి పడి మునిగి ఉంటాడు అని. ‘చదువుకో మావయ్యా, సరిగ్గా ఉందో లేదో’ అని కూడా నాతో ఎవరూ అనలేదు. ‘ఇక్కడ సంతకమెట్టీ బాబూ, ఎండెక్కిపోతంది’ అన్నారు. పెట్టాను.

నేను ఒక సంగతి చూశాను. మోటారు స్టార్టరు నుంచి దిగిన వైరు ఒకటి గట్టు మీద తొక్క ఊడి నీళ్ళంచుకి పడి ఉంది. చూశాను, నోరు మెదపలేదు. ఎందుకంటే ఆ మోటారు నాకు వరసకు బావ అయ్యేవాడిది. శవాన్ని కోసి చూశారు గానీ, కరెంటు అన్న మాట కాగితంలో లేదు కాబట్టి ఎవరూ ఆ వైపు వెతకలేదు. నీళ్ళలో కరెంటు తగిలితే ఒంటి మీద కాలిన గుర్తు కూడా ఉండకపోవచ్చు. తడి ఒళ్ళు, ఒళ్ళంతా నీళ్ళు, కరెంటు ఒకచోట కాల్చకుండా కండరాల్ని బిగించేస్తుంది, మనిషి నిలువునా మునిగిపోతాడు. పైకి చూస్తే మునిగినవాడే.

పదకొండు రోజుల తర్వాత అదే రేవులో నీళ్ళకి దిగిన గేదె కొట్టుకుని చచ్చింది. అప్పుడు కరెంటువాళ్ళు వచ్చారు, ఫ్యూజు తీశారు, వైరు మార్చారు. గేదెకి లెక్క తేలింది. మనిషికి తేలలేదు. అతని పెళ్ళాం ఏదో బీమా కోసం తిరిగింది. పంచనామాలో తాగి పడ్డాడని ఉంది కదమ్మా అన్నారట. కరెంటు వల్ల పోయాడని ఉంటే వచ్చే పరిహారం సంగతి ఆమెకి చెప్పేవాళ్ళే లేరు. నిజానికి అతను ఆ పూట తాగాడో లేదో కూడా ఎవరికీ తెలీదు, రక్తం పరీక్షకి పంపలేదు. ఆమె ఇద్దరు పిల్లల్ని పట్టుకుని విశాఖ వెళ్ళిపోయింది, తాపీ పనికి.

ఆ కాగితం మీద నా సంతకం ఉంది. పోలీసుని తిట్టడం తేలిక, డాక్టరుని తిట్టడం తేలిక. నేను చేసిన పని నాకు తెలుసు. బావ ముఖం చూసి ఒక ఆడమనిషి నోటి దగ్గర కూడు తీశాను. అందుకే ఈ పోస్టులో మొదటి తిట్టు నాకే. రెండోది మీకు.

ఇప్పుడు చట్టం ఏమంటుందో వినండి. పాతరోజుల్లో ‘174 కేసు’ అనేవాళ్ళం. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చాక అది 194వ సెక్షన్ అయింది. అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోతే పోలీసు అధికారి మెజిస్ట్రేటుకి కబురు పెట్టి, శవం ఉన్న చోటికి వెళ్ళి, ఆ చుట్టుపక్కల ఉండే గౌరవస్తులు ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఎదుట పంచనామా చేయాలి. గాయాలు, విరిగిన ఎముకలు, కమిలిన గుర్తులు అన్నీ రాయాలి. ఆ రిపోర్టు మీద పోలీసు అధికారితో పాటు దానితో ఏకీభవించినవాళ్ళు సంతకం పెట్టాలి. ఆ మాట మళ్ళీ చదవండి. ఏకీభవించినవాళ్ళు. అంటే ఒప్పుకోకపోతే పెట్టక్కర్లేదు. చావుకి కారణం మీద అనుమానం ఉంటే శవాన్ని డాక్టరు దగ్గరికి పంపాలని కూడా అందులోనే ఉంది.

అదే సెక్షన్లో ఒక మెలిక కూడా ఉంది. దూరాన్ని బట్టీ వాతావరణాన్ని బట్టీ శవం దారిలోనే కుళ్ళిపోయి పరీక్షకి పనికిరాకుండా పోతుందనుకుంటే పంపక్కర్లేదన్నట్టు ఉంటుంది. ఇది ఎడ్లబండి కాలం నాటి మాట. తెల్లదొరల చట్టంలోంచి అలాగే దిగొచ్చింది. ఇవాళ బండ్లున్నాయి, ఫ్రీజర్ పెట్టెలున్నాయి. ఇంకా ఆ మాట అవసరమా?

ఇంకో మెలిక ఇంతకన్నా పెద్దది. కొత్త చట్టంలో 176వ సెక్షన్ కింద ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరం జరిగితే ఫోరెన్సిక్ నిపుణులు ఆ చోటికి వచ్చి సాక్ష్యం సేకరించాలి, వీడియో తీయించాలి అన్నారు. దాన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకి అయిదేళ్ళ గడువిచ్చారు. బాగుంది. కానీ నీళ్ళలో శవం దొరికితే ముందు అది నేరంగా రాసుకోరు కదా! 194 కింద చావుగా రాస్తారు. నేరం కాదు కాబట్టి ఫోరెన్సిక్ వాళ్ళు రారు. వాళ్ళు రారు కాబట్టి నేరమని తేలదు. కుక్క తన తోకని తాను కరవడానికి తిరిగినట్టుంది. హత్య అని తేలితే పరీక్ష చేస్తారట, పరీక్ష చెయ్యకపోతే హత్య అని ఎలా తేలుతుంది?

‘నువ్వు చెప్పేవన్నీ జరగాలంటే డాక్టర్లెక్కడున్నారు?’ అని అడుగుతారు. ఒప్పుకుంటాను. ఫోరెన్సిక్ చదివిన డాక్టర్లు మెడికల్ కాలేజీల్లో ఉంటారు. చిన్న ఆసుపత్రుల్లో జ్వరాలు చూసే డాక్టరే, పురుళ్ళు పోసే డాక్టరే శవాన్ని కూడా కొయ్యాలి. పొద్దుణ్ణించి ఓపీ చూసి, మధ్యాహ్నం మార్చురీకి వెళ్ళి, గంటలో తేల్చమంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? నేను ఆయన్ని అనట్లేదు. ఆయన్ని అక్కడ ఒంటరిగా నిలబెట్టినవాళ్ళని అంటున్నాను.

మా మండలంలోనే భీమబోయినపాలెం దగ్గర నర్సీపట్నం ప్రభుత్వ మెడికల్ కాలేజీకి 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. గోడలు లేచాయి, పని ఆగింది. ఏ పార్టీ సరిగ్గా కట్టలేదు, ఏ పార్టీ ఆపింది, ప్రైవేటుకిస్తారా అన్న గొడవ మీరు మీరు కొట్టుకోండి, నాకొద్దు. నాకు తెలిసింది ఒకటే. మెడికల్ కాలేజీ అన్నాక ఫోరెన్సిక్ విభాగం ఉండి తీరాలి. ఆ కాలేజీ నడిస్తే మా ఏజెన్సీ వైపు నుంచి, మా చెరువుల నుంచి తేలిన శవాన్ని చూడ్డానికి ఆ చదువు చదివినవాడు పక్కనే ఉంటాడు. రెండు మూడు గంటల దారి విశాఖ కేజీహెచ్ దాకా పోనక్కర్లేదు. కాలేజీ అంటే బతికున్నవాళ్ళ మందులే అనుకుంటున్నారు అందరూ. చచ్చినవాళ్ళ న్యాయం కూడా ఆ గోడల మధ్యే ఆగిపోయి ఉంది.

‘శవాన్ని కోసి పాడు చేస్తారు, మా మనిషిని మాకిచ్చెయ్యండి’ అని కాళ్ళ మీద పడే తల్లుల్ని నేను చూశాను. ఆ కడుపుకోత నాకు తెలుసు. కానీ అమ్మా, ఆ శవం మీ మనిషి చెప్పగలిగిన ఆఖరి మాట. దాన్ని చెప్పనివ్వకుండా కాల్చేస్తే, మిగిలిన పిల్లల నోటి దగ్గరికి రావలసింది కూడా ఆ మంటలో పోతుంది. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు ఖాతాలోంచి కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా మనలో చాలామందికి ఉంది. ప్రమాదంలో పోతే 2 లక్షలు వస్తాయి, ఆత్మహత్య అయితే రావు. నీళ్ళలో పోయినవాడికి ఆ రెండింటి మధ్య తేడా పోలీసు కాగితం, పోస్టుమార్టం కాగితం చెబుతాయి. మీరు చదవకుండా సంతకం పెట్టే ఆ పంచనామాలో ఒక్క మాట విలువ 2 లక్షలు. ఒక ఆడమనిషి మెడ మీద పడే నింద విలువ ఎంతో, దానికి లెక్క లేదు.

సరే, తిట్టింది చాలు. చెయ్యగలిగింది చెప్తాను.

మనిషిని నీళ్ళలోంచి తీశాక ప్రాణం ఉండే ఆశ రవ్వంత ఉన్నా సాక్ష్యం గీక్ష్యం ఆలోచించకండి. తలకిందులుగా తిప్పకండి, పొట్ట నొక్కకండి. 108కి ఫోన్ చేసి, నోటితో ఊపిరి ఊది, గుండె మీద నొక్కండి. ముందు బతికించండి.

పోయినవాడే అని తెలిస్తే, తుడవకండి, కడగకండి, బట్టలు మార్చకండి. చేతుల్లో ఏముందో చూడండి. మోటారు, వైరు, స్తంభం దగ్గరుంటే పోలీసుకి చెప్పండి, అది మీ బావది అయినా సరే. మీ ఫోన్లతో శవం మొహం కాదు, గట్టు ఫొటో తీయండి. అడుగుజాడలు, ఈడ్చిన గుర్తులు, సీసాలు, చెప్పులు ఏ వైపున్నాయో. ఆ శవం ఫొటోలు వాట్సాప్‌లో తిప్పే వెధవ పని మాత్రం మానండి.

పంచనామాకి పిలిస్తే వెళ్ళండి. తప్పించుకోకండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. చదివి వినిపించమనండి. చూసినది రాయించండి, అనుకున్నది రాయించకండి. ‘కాలుజారి’ అని ఉంటే, జారడం ఎవరు చూశారని అడగండి. నీళ్ళు సీసాలో పట్టి పంపుతున్నారా, లోపలి భాగాలు ల్యాబుకి పంపుతున్నారా, రక్తం పంపుతున్నారా, ఈ మూడే అడగండి. గట్టిగా అరవక్కర్లేదు. అండీ అని గౌరవంగానే అడగండి. ఊళ్ళో నలుగురు అడగడం మొదలుపెడితే అయిదోసారి వాళ్ళే సీసా తెచ్చుకుంటారు.

ఎవరిదో తెలియని శవమైతే తొందరపడి కాల్చనివ్వకండి. పూడిస్తే మళ్ళీ తీసి చూడొచ్చు, కాల్చేస్తే బూడిద మాట్లాడదు. ల్యాబు రిపోర్టు రావడానికి నెలలు పట్టొచ్చు. అది వచ్చేదాకా ఆ కుటుంబం తరఫున స్టేషనుకి ఫోన్ చేసేవాడు ఊళ్ళో ఒకడుండాలి. ఆ ఒకడు మీరు అవ్వండి.

ప్రభుత్వాన్ని అడిగేది ఒకటే. నీళ్ళలో దొరికిన ప్రతి శవాన్నీ, నేరమని రాసుకున్నా రాసుకోకపోయినా, ఫోరెన్సిక్ మనిషి వచ్చి చూసే చోటుగా లెక్క కట్టండి. అంతదూరం రాలేకపోతే ప్రతి పోలీస్ స్టేషన్లో ఒక పెట్టె పెట్టండి. నాలుగు శుభ్రమైన సీసాలు, సంచులు, సీలు, చేయవలసినవి రాసిన ఒక తెలుగు కాగితం. దానికి కోట్లు అక్కర్లేదు.

మనం విత్తనం కొంటే లాటు నంబరు చూస్తాం. ఎరువు కొంటే బస్తా కుట్టు చూస్తాం. బెల్లం అనకాపల్లి తీసుకెళ్తే కాటా ముల్లు వైపే కళ్ళన్నీ. అయిదు కిలోల తరుగు తీస్తే గొడవపడతాం. మనిషి ప్రాణం కాటాకి వచ్చినప్పుడు మాత్రం ‘ఎండెక్కిపోతంది, సంతకమెట్టీ’ అంటే పెట్టేస్తాం.

నేను పెట్టాను. ఆ కాగితం ఏ స్టేషన్ బీరువాలో చెదలు పట్టిందో, ఏ గుట్టలో ఉందో నాకు తెలీదు. ఆమె ఎక్కడుందో తెలీదు. ఇరవై ఏళ్ళుగా ఆ గట్టు మీంచి నడిచినప్పుడల్లా నేను వైరు వైపు చూస్తాను. ఇప్పుడక్కడ వైరు లేదు. అయినా చూస్తాను.

మీ ఊళ్ళో ఈ వానల్లో ఎవరైనా పోతే, వాళ్ళు పోకూడదనే కోరుకుంటాను, కానీ పోతే, ‘మునిగిపోయాడు’ అన్న మాట దగ్గర ఆగకండి. ఎలా మునిగాడు అని అడగండి. ఆ ఒక్క మాట అడగడానికి చదువక్కర్లేదు. బావకి కోపం వస్తుంది, రానివ్వండి.